గిన్నె పట్టుకున్నవాళ్ళు మాట్లాడకూడదు

మా నానమ్మకు రెండు ఉద్యోగాలు. ఒకటి సీసాలు కడిగించడం, రెండోది భయపడటం. మొదటిదానికి జీతం వచ్చేది, ఆదివారం సెలవు ఉండేది. రెండోదానికి ఆ రెండూ లేవు.

పళ్ళరసాలూ సోడాలూ నింపి అమ్మే కంపెనీలో కడిగే సెక్షనుకు ఆమె పెద్ద. దుకాణాల నుంచి ఖాళీ గాజు సీసాలు క్రేట్లలో తిరిగొస్తాయి. వాటిని కాస్టిక్ సోడా కలిపిన వేణ్ణీళ్ళలో నానబెట్టాలి, బ్రష్షుల మీద తిప్పాలి, చివర చన్నీళ్ళ జల్లు కింద జాడించాలి, ట్యూబులైటు ముందు పెట్టి లోపల ఏమైనా మిగిలిందేమో చూడాలి. తాగేసిన సీసాలో జనం ఏం పడేస్తారో చెప్పలేం. సిగరెట్టు పీకలు, చింపిన టికెట్లు, ఒకసారి ఎవరిదో కట్టుడు పన్ను. నానమ్మ ఆ పన్నును కూడా శుభ్రంగా కడిగించి, కాగితంలో చుట్టి, అడగడానికి ఎవరైనా వస్తారేమోనని కిటికీలో పెట్టించింది. తర్వాత, నిజంగానే ఎవరైనా వస్తే ఏం మాట్లాడాలో తెలియక చాలా రోజులు భయపడింది.

వంక ఉంటేనే భయపడే మనిషి కాదామె. వంక లేకపోతే వెతికి తెచ్చుకునేది. వీధి చివర బట్టలు కుట్టే తాతయ్య కొట్టు మూసి ఆలస్యంగా వస్తే లారీ గుద్దిందని ఏడుపు, పెందలాడే వస్తే బేరాలు పోయాయని బెంగ. "నేను సరిగ్గా వేళకు వస్తే ఏమనుకుంటావే?" అని తాతయ్య అడిగితే, "ఏదో దాస్తున్నారనుకుంటా" అంది.

అయితే ఈసారి భయానికి వంక ఉంది. అదీ కొండంత.

భూమికీ నీటికీ తన వల్ల ఎంత చేటు జరుగుతోందో తేల్చమని కంపెనీ ఒక నివేదిక రాయించింది. రాసినాయన్ని అందరూ లెక్కల సారు అనేవాళ్ళు. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. కేకలేసేవాళ్ళంటే నానమ్మకు అంత భయం లేదు గాని, మెత్తగా మాట్లాడేవాళ్ళంటే హడలు. ఆయన తేల్చిందేమిటంటే, కంపెనీ వాడే నీళ్ళలో పెద్ద వాటా కడిగే సెక్షనే మింగేస్తోంది. గాజు మానేసి పల్చటి ప్లాస్టిక్ సీసాలకు మారితే కడిగే పనే ఉండదు. ఒకసారి తాగి పారేయడమే. నీళ్ళు మిగులుతాయి, నివేదికలో కంపెనీ పచ్చగా కనిపిస్తుంది. పారేసిన సీసా తర్వాత ఎక్కడికి పోతుందన్న సంగతి మాత్రం కంపెనీ గేటు బయటిది కాబట్టి లెక్కలోకి రాలేదు.

కడిగే పని ఉండదంటే కడిగేవాళ్ళూ ఉండరు. ఆ ముక్క నివేదికలో ఎక్కడా లేదు గాని, నానమ్మకు చదవకుండానే తెలిసింది. తనకైతే ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు. కానీ ఆ సెక్షనులో ఉన్న ఆడవాళ్ళందరినీ పనిలో పెట్టించింది ఆమే. ఒకరిని మొగుడు వదిలేస్తే తెచ్చింది, ఒకరిని చదువు అబ్బలేదని తెచ్చింది. క్రేట్లు ఎత్తే పొడుగమ్మనయితే, "ఇంత పొడుగు మనిషికి ఇంత చిన్న కష్టమా, రావే" అని బస్‌స్టాపులో ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. తీసుకొచ్చిన చేత్తోనే ఇప్పుడు వెళ్ళిపొమ్మని చెప్పాలి. ఆ ఊహ వస్తే చాలు, తినే కంచం పక్కకు నెట్టేసేది.

ఇక గిన్నె సంగతి.

నివేదికతో పాటే కంపెనీకి ఒక కొత్త అలవాటు వచ్చింది. పెద్ద నిర్ణయం తీసుకునే ముందు అందరూ కాసేపు కళ్ళు మూసుకుని మౌనంగా కూర్చోవాలి. ఊపిరిని గమనించాలి. చుట్టూ వినిపించేవి వినాలి. తర్వాత, చేయబోయే పని ఎవరిని తాకుతుందో తలుచుకోవాలి. ఇది నేర్పడానికి ఒక టీచరమ్మ వచ్చింది. నడుస్తుంటే చెప్పుల చప్పుడు కూడా వచ్చేది కాదు. చేతిలో ఒక కంచు గిన్నె, చిన్న చెక్క కర్ర. గిన్నెను ఒకసారి తడితే మౌనం మొదలు, రెండోసారి తడితే ముగింపు. ఆ గిన్నె పట్టుకునే మనిషికి నిర్ణయంలో ఓటు ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, గిన్నె చేతిలో ఉన్నంతసేపూ నోరు మెదపకూడదు.

మొదటి రోజు కంపెనీ మొత్తాన్నీ గోడౌనులో కూర్చోబెట్టి కళ్ళు మూయించారు. అందరూ కదిలారు, దగ్గారు, ఒక కన్ను తెరిచి పక్కవాళ్ళను చూశారు. నానమ్మ ఒక్కతే శిలలా కూర్చుంది. ముఖంలో ఎంత ప్రశాంతత! టీచరమ్మ ముచ్చటపడిపోయి, "ఈ అమ్మగారి చేతికే గిన్నె ఇవ్వండి" అంది. నిజానికి నానమ్మ అప్పుడు నిద్రపోతోంది. రాత్రంతా భయపడటంతో నిద్ర చాలలేదు.

"గిన్నెలు మోగించడానికి కూడా జీతం ఇస్తున్నారా? ఇంట్లో ఊరికే మోగిస్తావు కదే" అన్నాడు తాతయ్య.

కడిగే సెక్షను భవిష్యత్తు తేల్చే మీటింగు మధ్యాహ్నమని పెట్టారు. మామూలుగా మీటింగులు సీసాల లైను నడిచే వేళ జరిగేవి. ప్లాస్టిక్ సీసాల మెషిన్లు అమ్మే ఆయన విమానానికి పోవాలనడంతో భోజనాల వేళకు జరిపారు.

పొద్దున సెక్షనులో అందరూ తల వంచుకుని పని చేశారు. సీసాలు మాత్రం ఎప్పటిలాగే గలగలమన్నాయి. చివరికి పొడుగమ్మే క్రేటు దించి అడిగింది.

"అక్కా, నువ్వు లోపలే ఉంటావుగా. మాకోసం ఒక్క మాట అనవే."

"గిన్నె పట్టుకున్నవాళ్ళు మాట్లాడకూడదే."

"అయితే గిన్నెతో ఆ లెక్కలాయన నెత్తి మీద ఒక్కటి మొట్టు. మాట్లాడినట్టు కాదుగా."

అందరూ నవ్వారు. నానమ్మ కూడా నవ్వబోయింది గాని, నవ్వు సగంలో ఆగిపోయింది.

మీటింగు గది కడిగే సెక్షనుకు సరిగ్గా పైన ఉంటుంది. బల్ల చుట్టూ యజమాని, లెక్కల సారు, మెషిన్లాయన, మరో ముగ్గురు ఆఫీసర్లు. కిటికీ దగ్గర స్టూలు మీద నానమ్మ, ఒళ్ళో గిన్నె. బల్ల మధ్యలో ఒక కొత్త ప్లాస్టిక్ సీసా, పెళ్ళికొడుకులా. యజమాని అంత పెద్ద వయసువాడు కాదు. మౌనం విషయంలో మాత్రం నిజంగానే పట్టుదల ఉన్న మనిషి. ఏసీ చప్పుడు కూడా ఉండకూడదని ఆపించేశాడు.

"ముందు ఊపిరి చూద్దాం. తర్వాత వినిపించినవి విందాం. ఇది ఫలానా చప్పుడని పేరు పెట్టకుండా, ఊరికే విందాం. అమ్మా, మొదలుపెట్టండి" అన్నాడు.

నానమ్మ గిన్నెను తట్టింది. ఆ మోత సాగి సాగి సన్నబడి పోయింది.

ఆమెకు ఊపిరి చూసే ఓపిక ఎక్కడిది? రెండోసారి తట్టగానే మాటలు మొదలవుతాయి, చేతులు లేస్తాయి, సంతకాలవుతాయి. తను తట్టే దెబ్బతోనే తన సెక్షను పోతుంది. ఉరి తీసేవాడికి తాడందించినట్టు తన చేతికే ఈ గిన్నె రావాలా అనుకుంది.

ఊపిరి కుదరలేదు గనక చెవులకు పని చెప్పింది. ఎవరిదో కుర్చీ కిర్రుమంది. మెషిన్లాయన కడుపులో ఆకలి చిన్నగా అరిచింది. దూరంగా లారీ హారను. వీటన్నిటి కింద ఇంకో చప్పుడు. సరసరమంటూ, ఎడతెగకుండా.

వాన అనుకుంది. ఒక కన్ను తెరిచి కిటికీలోంచి చూసింది. బయట పెళపెళలాడే ఎండ. ఏసీ ఆపేశారు. బీపీ పెరిగి చెవుల్లో హోరేమో అనుకుని ఒక చెవి మూసుకుంది. చప్పుడు తగ్గింది. వేలు తీస్తే మళ్ళీ వచ్చింది. బయటిదే. నేల కిందనుంచి వస్తోంది.

అప్పుడు పోల్చుకుంది.

జాడించే జల్లు. కింద లైను ఆగి ఉంది, అందరూ క్యాంటీనులో ఉన్నారు, సీసా ఒక్కటి కూడా కదలడం లేదు. జల్లు మాత్రం పడుతూనే ఉంది.

ఎందుకు పడుతోందో ఆమెకు తెలుసు. ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు. చాలా ఏళ్ళ కిందట, ఆమె సెక్షనుకు కొత్తగా పెద్ద అయిన రోజుల్లో, భోజనాలప్పుడు ఎవరో వాల్వు కట్టేశారు. మళ్ళీ తిప్పేసరికి పాత ఇనుప పైపుల్లో పేరుకున్న తుప్పంతా కొట్టుకొచ్చి సీసాల్లో చేరింది. ఎవరూ చూడలేదు. లారీ లారీ సరుకే ఎర్రనీళ్ళతో వెనక్కి వచ్చింది. అప్పటి యజమాని అందరి ముందూ నానమ్మను నిలబెట్టి కడిగేశాడు. ఆ రోజునుంచి ఆమె సెక్షనులో ఒకటే శాసనం: జల్లు వాల్వు ముట్టుకోకూడదు. భోజనాలకైనా, టీలకైనా, షిఫ్టు మారేటప్పుడైనా నీళ్ళు పారుతూనే ఉండాలి. ముట్టుకుంటే చెయ్యి విరిచేస్తానంది. తర్వాత పైపులు మార్చి స్టీలువి వేశారు. భయం మాత్రం పాతదే ఉండిపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళు కారణం కూడా అడగలేదు, పనితో పాటే దాన్నీ నేర్చుకున్నారు. లైను నడిచేటప్పుడు గలగలల్లో ఆ చప్పుడు వినపడదు. లైను ఆగినప్పుడు వినడానికి అక్కడెవరూ ఉండరు.

చెప్తే? "ఇన్నేళ్ళూ నీళ్ళు కాలవలో పోయించావా" అంటారు. ఏడాదిలో రిటైరయ్యే మనిషిని ఇవాళే గేటు బయట నిలబెట్టొచ్చు. రావాల్సిన డబ్బు ఆపినా ఆపొచ్చు. తాతయ్యకు ఏం చెప్పాలి? పొడుగమ్మ ముఖం ఎలా చూడాలి? చెప్పకపోతే? లెక్కల సారు చూపించే అంకె అలాగే నిలబడుతుంది, ఆ అంకె కింద సెక్షను నలిగిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, ఒళ్ళో గిన్నె.

తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. కర్ర పైకెత్తింది, దించింది. మౌనం మామూలుకన్నా చాలా పొడుగు సాగింది. మెషిన్లాయన కళ్ళు తెరిచి అందరినీ చూసి మళ్ళీ మూసుకున్నాడు. లెక్కల సారు బల్ల కింద వాచీ చూసుకున్నాడు. యజమాని మాత్రం, ఇవాళ బాగా కుదిరిందన్నట్టు ఇంకా నిటారుగా కూర్చున్నాడు.

నానమ్మ లేచింది. బల్ల అంచు పట్టుకుని నడిచి, యజమాని దగ్గరకెళ్ళి, ఆయన రెండు చేతుల్లో గిన్నె పెట్టింది.

"సారూ, కాస్త ఇది పట్టుకోండి. నేను మాట్లాడాలి."

యజమాని కళ్ళు తెరిచి, ఏదో అనబోయి, చేతిలోని గిన్నెను చూసి నోరు మూసుకున్నాడు. నియమం నియమమే. పాపం ఆయన పెట్టించిందే. నానమ్మ ఆయన నోరు కట్టేద్దామని ఇవ్వలేదు. గిన్నె కింద పెడితే మోగుతుందేమోనని భయపడి ఇచ్చింది.

"అమ్మా, ఇంకా మౌనం అవలేదు కదా" అన్నాడు లెక్కల సారు మెత్తగా.

"అవలేదు బాబూ. అందుకే ఇప్పుడే చెప్పాలి. ఆ చప్పుడు వినిపిస్తోందా?"

"ఏసీ అనుకుంటా."

"ఏసీ ఆపేశారుగా. అది నీళ్ళ చప్పుడు. కింద మా సెక్షనుది."

"మీవాళ్ళు భోజనాలకు పోలేదా?"

"పోయారు."

"మరి ఎవరు కడుగుతున్నారు?"

"ఎవరూ కడగట్లేదు. ఊరికే పోతున్నాయి. నేనే పొమ్మన్నాను."

ఆ మాట అన్నాక ఇక ఆగలేదు. తుప్పు సంగతీ, లారీ సంగతీ, చెయ్యి విరిచేస్తానన్న సంగతీ అన్నీ కక్కేసింది. మధ్యలో రెండుసార్లు ఆగి ముక్కు తుడుచుకుంది. చివరికి లెక్కల సారు వైపు తిరిగింది.

"మా సెక్షను ఇన్ని నీళ్ళు తాగుతోందన్నారు. కాదనను. కానీ అందులో సీసాలు తాగినవెన్ని, నా భయం తాగినవెన్ని? అది చూసి, అప్పుడు మాకు ఏ శిక్ష వేసినా వెయ్యండి. వాళ్ళది తప్పు లేదు. నేను చెప్పినట్టు చేశారు."

ఎవరూ మాట్లాడలేదు. కింద నీళ్ళు మాత్రం మాట్లాడుతూనే ఉన్నాయి. ఇప్పుడు అందరికీ వినిపిస్తున్నాయి. యజమాని ఆమె చేతిలోంచి కర్ర తీసుకుని గిన్నెను తనే తట్టాడు. మోత ఆగేదాకా కూడా ఆగకుండా గిన్నెను బల్ల మీద పెట్టేశాడు.

"పదండి కిందకి."

కడిగే సెక్షనులో అంత మంది పెద్దమనుషులు ఎప్పుడూ దిగలేదు. లైను చచ్చినట్టు పడి ఉంది. సీసాలు కదిలే ఖాళీ బెల్టు మీద జల్లు తళతళా పడుతోంది. తెల్లటి, తాగడానికి పనికొచ్చే నీళ్ళు. నేరుగా కాలవలోకి. మెషిన్లాయన బూట్లు తడవకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు. క్యాంటీను నుంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. పొడుగమ్మ చేతులింకా ఎంగిలిగానే ఉన్నాయి.

"అక్కా, ఏమైంది?"

నానమ్మ వాల్వు దగ్గరికెళ్ళి రెండు చేతులతో పట్టుకుంది. ఏళ్ళ తరబడి ఎవరూ తిప్పలేదేమో, మొండికేసింది. పొడుగమ్మ చెయ్యి తుడుచుకుని వచ్చి తనూ ఒక పట్టు పట్టింది. వాల్వు కిర్రుమని తిరిగింది. జల్లు సన్నబడి, చుక్కలై, ఆగింది.

హాలంతా ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, టీచరమ్మ ఉంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

"కాసేపు ఉంచి మళ్ళీ తిప్పండి. మొదటి నీళ్ళు చూద్దాం" అన్నాడు లెక్కల సారు. ఎక్కడినుంచో ఒక గాజు సీసా తెచ్చి జల్లు కింద పట్టుకున్నాడు.

ఆ కాసేపు నానమ్మకు ఏం కోరుకోవాలో తెలియలేదు. నీళ్ళు ఎర్రగా వస్తే ఆమె భయం నిజమే, ఇన్నేళ్ళూ మంచి పనే చేసింది, కానీ జల్లు ఆపడం కుదరదు, సెక్షను పోతుంది. తెల్లగా వస్తే సెక్షనుకు ఆశ ఉంటుంది, కానీ చెరువంత నీళ్ళు ఉత్తపుణ్యానికి పారబోసింది తనే. దేవుణ్ణి ఏదో ఒకటి అడగాలి కదా అని నోరు తెరిచి, ఏమీ అడగలేక మూసుకుంది.

"తిప్పండమ్మా."

పైపులో గాలి గురగురలాడింది. పైపు ఒక తుమ్ము తుమ్మింది. తర్వాత నీళ్ళు పడ్డాయి. లెక్కల సారు సీసా నింపి ట్యూబులైటు ముందుకు పట్టుకెళ్ళాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. నానమ్మకు ఇవ్వబోయాడు. ఆమె చేతులు వెనక్కి దాచుకుంటే పొడుగమ్మ అందుకుని చూపించింది.

అద్దంలా ఉన్నాయి నీళ్ళు. నలక కూడా లేదు.

"ఇన్నేళ్ళా?" అన్నాడు యజమాని. అరవలేదు. ఊరికే అడిగాడు.

"ఇన్నేళ్ళూ సారూ."

లెక్కల సారు ఫోనులో ఏవేవో నొక్కి, తల గోక్కుని, "ఈ అంకె పనికిరాదు. వాల్వు కట్టి నడిపి మళ్ళీ కొలవాలి. ఎంత తగ్గుతుందో ఇప్పుడే చెప్పలేను. తగ్గడమైతే తగ్గుతుంది" అన్నాడు. "పారేసిన ప్లాస్టిక్ సీసా సంగతి కూడా కలుపు. గేటు దాటినా అది మనదే కదా" అన్నాడు యజమాని. మెషిన్లాయన గుమ్మంలోంచి విమానం వేళయిందని గుర్తుచేశాడు. ఆయన్ని సాగనంపారు. సంతకాలు మళ్ళీ కొలిచాకే అన్నారు. ఎప్పటికన్నది ఎవరూ చెప్పలేదు.

పెద్దవాళ్ళు మెట్లెక్కి పోయాక, పొడుగమ్మ నానమ్మను క్రేటు మీద కూర్చోబెట్టింది.

"ఏంటక్కా, మాకోసం ఒక్క మాట అనమంటే, నీమీద ఇన్ని చెప్పుకుంటావా?"

"అదొక్కటే ఉందే నా దగ్గర."

"సరేలే. వాల్వు కట్టడం ఎవరి డ్యూటీ ఇక?"

"నాదే. ఎవరూ ముట్టుకోకండి" అంది నానమ్మ, మళ్ళీ అదే గొంతుతో. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నానమ్మకే ముందు వినిపించినట్టుంది, నాలిక్కరుచుకుంది. "కాదు కాదు. ఇలా రా, నీకు నేర్పిస్తా. నువ్వు ఇంకొకరికి నేర్పు. తిప్పాక మొదటి సీసా మాత్రం లైటు ముందు పెట్టి చూడాలి. ఎందుకో కూడా చెప్పి మరీ నేర్పు."

సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూర్చుని, జరిగినదంతా తాతయ్యకు చెప్పింది. తాతయ్య ఇంట్లో పెట్టుకున్న పాత కుట్టుమిషను తొక్కడం ఆపి విన్నాడు. ఆయన నోట వేళాకోళం రాకపోవడం ఆ ఇంట్లో అరుదు.

"నిన్నేమన్నా అన్నారా?"

"ఏమీ అనలేదండీ."

"ఉద్యోగం?"

"రేపు రమ్మన్నారు. సీసాల సంగతి మళ్ళీ కొలిచాక తేలుస్తారట."

"మరి ఏడుస్తావేమే?"

"తిడితే బాగుండేది. తిట్లయితే ఎంత తిన్నానో తెలుస్తుంది. పోయిన నీళ్ళు ఎన్నో ఎలా తెలుస్తుందండీ నాకు?"

తాతయ్య లేచి వచ్చి, పక్కన చతికిలబడి, ఆమె చెప్పుల బకిళ్ళు తనే విప్పాడు.